జ్వరమొస్తే తెల్లకణాల మాటా వినాలి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాక మా వీధిలో ఇంటికొకరు జ్వరంతో మంచం పట్టారు. మా అబ్బాయికి మొదటి రోజే యాంటీబయాటిక్ రాసిచ్చారు. నాలుగో రోజుకు అది డెంగీ అని తేలింది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు కదా! ఆ నాలుగు రోజుల టెన్షన్ ఇంకా మర్చిపోలేకపోతున్నాను.

జ్వరం దేనివల్ల వచ్చిందో మన రక్తకణాలే చాలావరకు చెబుతాయి. వైరస్ చొరబడితే ఒంట్లో ఇంటర్‌ఫెరాన్ అనే రక్షక ప్రోటీన్ విడుదలవుతుంది. దాని ప్రభావంతో మోనోసైట్లు అనే తెల్లకణాల మీద సీడీ169 అనే గుర్తు పెరుగుతుంది. బ్యాక్టీరియా అయితే న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాల మీద సీడీ64 అనే గుర్తు ఎక్కువగా పెరుగుతుంది. మోనోసైట్ల మీద హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే గుర్తు బాగా తగ్గితే రోగం ముదురుతోందేమోనని జాగ్రత్తపడాలి. ఏ ఒక్క గుర్తూ పూర్తి తీర్పు కాదు, కలిపి చూడాలి. ఈ గుర్తులను పట్టే ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం కొత్తదేమీ కాదు, బ్లడ్ క్యాన్సర్ నిర్ధారణకు వాడుతున్నదే.

అది అందుబాటులో లేనిచోట రక్తకణాలను లెక్కించే మామూలు సీబీపీ పరీక్ష ఉంది. లింఫోసైట్లు అనే తెల్లకణాలు తగ్గి న్యూట్రోఫిల్స్ పెరిగిన కోవిడ్ రోగులకు ముప్పు ఎక్కువని 2020లోనే చూశాం. ఆ అంకెలు రిపోర్టులో ఉన్నా అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదే! డెంగీలో కూడా ప్లేట్‌లెట్లు వేగంగా పడిపోతూ హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతుంటే అది ముఖ్యమైన ప్రమాద సూచన.

ప్రభుత్వ వైద్య కళాశాలలు ఈ సీజన్ జ్వరాలపై సీడీ169, సీడీ64 పరీక్షలను కలిపి చేసి చూడాలని, ఫలితాలను జిల్లా ఆసుపత్రుల డాక్టర్లకు అందించాలని కోరుతున్నాను.

– ఒక తల్లి, ఖమ్మం