లెమోవా ఒప్పందం పూర్తి పాఠాన్ని దేశం ముందు పెట్టండి: కేంద్ర రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ మంత్రి గారికి,

నమస్కారములు.

మన సైన్యం, అమెరికా సైన్యం ఒకరికొకరు ఇంధనం, సరఫరాలు, మరమ్మతులు అందించుకోవడానికి ఉద్దేశించిన లెమోవా ఒప్పందం మీద 2016 ఆగస్టు 29న వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి. ఇన్నేళ్ళు గడిచినా ఆ ఒప్పందం పాఠం ఈ దేశ పౌరుడి చేతికి రాలేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను. ఇంతకు ముందు ఎక్కడెక్కడ అర్జీలు పెట్టుకున్నానో, ఏ కార్యాలయం వాటిని ఏమని తిప్పి పంపిందో పేర్లతో సహా ఏకరువు పెట్టడం నా ఉద్దేశం కాదు. సమాచార హక్కు చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తుకు వచ్చిన జవాబు మాత్రం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. అందులో ఉన్నవి మూడే వాక్యాలు. నా దరఖాస్తు అందిందని మొదటి వాక్యం, అడిగిన సమాచారానికి, దేశ భద్రత, విదేశీ సంబంధాల వంటి కారణాలు చెప్పే సెక్షన్ 8(1)(ఎ) కింద మినహాయింపు ఉందని రెండో వాక్యం, తృప్తి కలగకపోతే అప్పీలు చేసుకోవచ్చని మూడో వాక్యం. అప్పీలు చేసుకున్నాను. ఆ రెండో వాక్యమే ఒక్క అక్షరం మారకుండా మళ్ళీ వచ్చింది. నేను అడిగినవి ఆరు ప్రశ్నలు. దేనికి ఏ కారణంతో జవాబు ఇవ్వలేరో విడివిడిగా చెప్పే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. దాచవలసిన భాగాన్ని వేరుచేసి మిగిలినది ఇవ్వాలని అదే చట్టంలోని 10వ సెక్షన్ చెబుతోంది కదా. సగం పంక్తుల మీద నల్లసిరా పూసి ఇచ్చినా కళ్ళకద్దుకుని తీసుకునేవాణ్ణి.

నేను దేశ రహస్యాలేవీ అడగలేదని మీకు మనవి చేస్తున్నాను. అమెరికాతోనే 2018లో కుదిరిన కామ్‌కాసా ఒప్పందం సంకేత భాషతో నడిచే సమాచార పరికరాలకు సంబంధించినది, 2020లో కుదిరిన బెకా ఒప్పందం పటాలకు, ఉపగ్రహ సమాచారానికి సంబంధించినది. వాటిలో బయటపెట్టకూడనివి ఉంటాయని ఒప్పుకుంటాను, అడగను కూడా. లెమోవా అలాంటిది కాదు. ఓడకు ఇంధనం, మనుషులకు భోజనం, నీళ్ళు, విడిభాగాలు, మరమ్మతులు, వాటికయ్యే ఖర్చుల చెల్లింపు, ఇవీ దానిలోని విషయాలని ప్రభుత్వమే చెప్పింది. ఆనాడు మాజీ రక్షణ మంత్రి ఏ.కె. ఆంటోనీ గారు, వామపక్షాలవారు అభ్యంతరం చెబితే, ఇందులో సైనిక స్థావరాల ప్రసక్తే లేదని అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ గారు సమాధానమిచ్చారు. ఆయన మాటను నేను శంకించడం లేదు. ఆ మాటను రుజువు చేసే కాగితాన్ని ఎందుకు చూపించరన్నదే నా ఆవేదన. ప్రభుత్వం అన్నది నిజమైతే పాఠం బయటికి వచ్చిన రోజునే ఆ వివాదం ముగిసిపోయేది. దాచిపెట్టినందువల్లనే, లేని అనుమానాలు కూడా పుట్టి, పదేళ్ళుగా ఒకరినొకరు దేశద్రోహులనుకునేంత దూరం వెళ్ళాయి.

అధికారిక ప్రకటనలో ఒక వాక్యం ఉంది. దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఓడరేవుల సందర్శనలు, సంయుక్త విన్యాసాలు, సంయుక్త శిక్షణ, విపత్తు సహాయం అనే నాలుగు సందర్భాల్లో ఈ ఏర్పాటు వర్తిస్తుందని, మిగతా సందర్భాల్లో ఉభయుల అంగీకారంతో ఎప్పటికప్పుడు నిర్ణయం తీసుకుంటారని దాని సారాంశం. మంత్రిగారూ, ఆ "మిగతా సందర్భాలు" ఏమిటి? యుద్ధం కూడా అందులోకి వస్తుందా? మన మిత్రదేశం మరో మిత్రదేశం మీద దాడికి వెళుతూ మన రేవులో ఇంధనం అడిగితే, కాదనే హక్కు మనకు ఏ అధికరణం కింద ఉంది? ఆ అంగీకారం మన తరఫున ఇచ్చేది ఎవరు, మంత్రిమండలి భద్రతా వ్యవహారాల సంఘమా, మీరా, ఒక సంయుక్త కార్యదర్శా? ఇచ్చిన తరువాత పార్లమెంటుకు తెలియజేస్తారా? ఎన్నాళ్ళకు తెలియజేస్తారు? నా ఆరు ప్రశ్నల్లో నాలుగు ఇవే. వీటికి జవాబు చెబితే శత్రువుకు అందే రహస్యం ఏముందో నాకు ఎంత ఆలోచించినా తట్టడం లేదు.

ఇది నా ఊహలో పుట్టిన భయం కాదు. 1991లో గల్ఫ్ యుద్ధ సమయంలో అమెరికా సైనిక విమానాలు మన విమానాశ్రయాల్లో ఇంధనం నింపుకుంటున్న సంగతి బయటపడి దేశమంతా అట్టుడికింది. చంద్రశేఖర్ గారి ప్రభుత్వం చివరికి ఆ సౌకర్యాన్ని ఆపవలసి వచ్చింది. అప్పుడు మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ప్రజలకు చెప్పకుండా చేశారన్న కోపమే ఎక్కువ మందిని కదిలించింది.

మా తీరానికి బాగా తెలిసిన ఐఎన్ఎస్ జలాశ్వ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అమెరికా నౌకాదళంలో ట్రెంటన్ పేరుతో తిరిగిన ఆ ఓడ 2007లో మన చేతికి వచ్చింది, విశాఖపట్నం చేరింది. దాన్ని దాడికి ఉద్దేశించిన మోహరింపులో వాడడం మీద ఆంక్షలున్నాయని, అమ్మిన దేశం వచ్చి తనిఖీ చేసుకునే వీలు ఒప్పందంలో ఉందని 2008లో కాగ్ నివేదిక వచ్చేదాకా సామాన్యుడికి తెలియదు. మన డబ్బుతో కొని మన జెండా ఎగరేసిన ఓడకు పరాయి దేశం షరతులు వర్తిస్తాయన్న సంగతి మన ప్రభుత్వం నోటి నుంచి రావలసింది, ఆడిట్ పేరాల్లో వెతుక్కుని తెలుసుకోవలసి వచ్చింది. ఆనాడు ఆ నివేదిక చదివినప్పుడు కలిగిన అవమానం ఇప్పటికీ నా మనసులో అలాగే ఉంది. లెమోవా విషయంలో కూడా మరో ఆడిట్ నివేదిక కోసం ఎదురుచూడమంటారా?

2019 నవంబరులో టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు విశాఖ, కాకినాడలలో జరిగినప్పుడు ఆ జలాశ్వ కూడా అందులో పాల్గొంది. అమెరికా ఓడ జర్మన్‌టౌన్ కూడా వచ్చింది. ఒడ్డున జనంలో నిలబడి నేనూ చూశాను. నా పక్కన ఉన్న ఒక మత్స్యకారుడు సముద్రం వైపు చెయ్యి చూపించి, "మాస్టారూ, ఆళ్ళ ఓడలకి ఆయిలు మనమే కొట్టిస్తామాండీ? బిల్లు ఎవరు కడతారండీ?" అని అడిగాడు. సబ్సిడీ డీజిలు తీసుకున్నందుకు లీటరు లీటరుకూ లెక్క చూపించవలసిన మనిషి అతను. రాజనీతి శాస్త్రం ముప్ఫై ఏళ్ళు చెప్పిన నేను అతనికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఖర్చులు తిరిగి చెల్లిస్తారట, అన్నాను. ఎన్నాళ్ళకు, ఏ ధరకు, చెల్లించకపోతే ఏం చేస్తారు అని అతను అడగలేదు. నేను అడిగాను. నా ఆరు ప్రశ్నల్లో ఐదోది అది.

రక్షణ ఒప్పందాలు ఎక్కడా బయటపెట్టరనే మాట నాకు చాలాసార్లు వినిపించింది. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో చేసుకున్న ఒప్పందానికి పన్నెండు అధికరణాలుంటే పన్నెండూ దేశం చదివింది. దాడి ముప్పు వస్తే ఉభయులూ సంప్రదించుకోవాలన్న తొమ్మిదో అధికరణం మీద పత్రికలు సంపాదకీయాలు రాశాయి. అదీ యుద్ధం గుమ్మంలో ఉన్న రోజుల్లో. అమెరికాతో అణు సహకారానికి సంబంధించిన 123 ఒప్పందం పాఠాన్ని 2007 ఆగస్టు మొదటి వారంలోనే ఉభయ దేశాలూ ప్రజల ముందు పెట్టాయి. వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నాయి, ప్రభుత్వం 2008 జులై 22న 275–256 ఓట్లతో విశ్వాస పరీక్ష నెగ్గింది. అంత తీవ్రమైన చర్చ జరిగినా ఒప్పందం నిలిచింది. ఆ చర్చలో దేనిని వ్యతిరేకిస్తున్నామో వ్యతిరేకించినవారికి తెలుసు, దేనిని సమర్థిస్తున్నామో సమర్థించినవారికి తెలుసు. లెమోవా విషయంలో ఉభయులూ చూడని కాగితం గురించే వాదించుకుంటున్నారు.

లెమోవాలో అవతలి దేశమైన అమెరికా సంగతి చూస్తే నా బాధ రెట్టింపవుతుంది. అక్కడి ప్రభుత్వం ఇతర దేశాలతో చేసుకున్న ఒప్పందాలను అరవై రోజుల్లోగా తమ చట్టసభకు పంపాలని 1972లోనే వారు చట్టం చేసుకున్నారు. అంటే, మన రేవుల్లో ఏం జరగవచ్చో చెప్పే కాగితాన్ని చూసే హక్కు వారి ప్రజాప్రతినిధులకు చట్టబద్ధంగా ఉంది, మన ప్రతినిధులకు అలాంటి చట్టం లేదు. అంతర్జాతీయ ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి అని మన రాజ్యాంగం చెప్పలేదని నాకు తెలుసు. చూపించకూడదని కూడా చెప్పలేదు. 2021 ఏప్రిల్‌లో లక్షద్వీప్‌కు పడమరగా, మన ప్రత్యేక ఆర్థిక మండలంలో, మన అనుమతి అడగకుండానే తమ యుద్ధనౌక తిరిగిందని వారి ఏడో నౌకాదళం బహిరంగంగా ప్రకటించింది. మన విదేశాంగ శాఖ ఆందోళన తెలియజేసింది. అంత దగ్గరి మిత్రుల మధ్య కూడా ఇలాంటివి జరుగుతాయి కనుకనే ఎవరి హక్కులేమిటో రాసుకున్న కాగితం మాకు కనబడాలని అడుగుతున్నాను.

నేను ఈ ఒప్పందాన్ని రద్దు చేయమనడం లేదు. అమెరికాతో స్నేహం వద్దనడం లేదు. హిందూ మహాసముద్రంలో ఈనాటి పరిస్థితి చూస్తే అలాంటి ఏర్పాటు అవసరమేనని కూడా నా అభిప్రాయం. అవసరమైన పని చేసి దాన్ని తప్పు చేసినట్టు దాచుకోవడమే నాకు మింగుడుపడడం లేదు.

దయచేసి ఆ పాఠాన్ని పార్లమెంటు ముందు పెట్టండి. మొత్తం పెట్టలేకపోతే కొట్టివేతలతో పెట్టండి. అదీ వీలుకాకపోతే రక్షణ వ్యవహారాల స్థాయీ సంఘం సభ్యులకైనా చూపించి, చూపించామని సభలో చెప్పండి. ఇప్పటిదాకా "మిగతా సందర్భాల" కింద ఎన్నిసార్లు అంగీకారం ఇచ్చారో, ఒక్కసారీ ఇవ్వకపోతే ఇవ్వలేదనైనా ఒక అంకె చెప్పండి. నా ఆరో ప్రశ్న అదే. దానికి జవాబు ఒక్క అంకెలో సరిపోతుంది.

సమాచార హక్కు చట్టంలో మరో మెలిక ఉంది. సాధారణంగా ఇరవై ఏళ్ళు దాటిన సమాచారాన్ని ఇవ్వాలి గానీ, 8(1)(ఎ) కింద దాచినదానికి ఆ గడువు కూడా వర్తించదు. నాకు డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. ఆ మత్స్యకారుడు ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు రేవులో కనబడుతూనే ఉంటాడు. ఈసారి మీ జవాబు పట్టుకుని వెళ్ళి అతనికి చదివి వినిపించాలని ఉంది.

భవదీయుడు,
విశ్రాంత అధ్యాపకుడు, కాకినాడ