మొదటి ఏడాది నుంచే దారి చూపండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది చదువుతోంది. మొన్న పైడిభీమవరంలో ఓ మందుల కంపెనీ ఇంటర్వ్యూ ఉందని తెలిసి, ముందురోజు రాత్రి ఏడు రోడ్ల కూడలి దగ్గర జిరాక్స్ షాపులో బయోడేటా టైపు చేయించుకుంది. "ప్రాజెక్టు ఏం రాయమంటారు మేడమ్?" అని కుర్రాడు అడిగితే దానికి నోట మాట రాలేదు. పక్కనే ఉన్న నాకు గుండె చివుక్కుమంది.

ఇంటర్న్‌షిప్ చేసింది, సర్టిఫికెట్ కూడా ఉంది. కానీ మందుల కంపెనీల ల్యాబుల్లో రోజూ వాడే, మందులో ఏ పదార్థం ఎంతుందో విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని మూడేళ్లలో ఒక్కసారీ కళ్లతో చూడలేదు. పైడిభీమవరం ఎంత దూరమని? హైవే మీద బస్సెక్కితే గంట ప్రయాణం!

ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే పరీక్ష ఉందనీ ఆలస్యంగానే తెలిసింది. పరీక్ష ఫిబ్రవరిలో, దరఖాస్తు గడువు అక్టోబరులోనే అయిపోతుంది. ఈ మాట మొదటి ఏడాదిలోనే ఎవరైనా చెప్పి ఉంటే రెండేళ్లు చదువుకునేది కదా.

మొదటి ఏడాదిలోనే పిల్లల్ని కూర్చోబెట్టి ఏ పరీక్ష ఎప్పుడో, ఏ ఉద్యోగానికి ఏ పని రావాలో చెప్పాలి. రెండో ఏడాది సెలవుల్లో ఫ్యాక్టరీలకు పంపాలి. కాలేజీల వారిని చేతులు జోడించి కోరుతున్నాను.

- ఒక తండ్రి, శ్రీకాకుళం