మా పిల్ల టరాంటులాకు ఇల్లు అమర్చిపెట్టిన అందరికీ కృతజ్ఞతలు

మా ఇంట్లోని పిల్ల టరాంటులా (ఒళ్లంతా నూగుండే పెద్ద సాలీడు జాతి) ఇప్పుడు కుదురుకుంది. బెరడు కింద సొంతంగా గుంత తవ్వుకుంది, తిండి తింటోంది, కుబుసం కూడా విడిచింది. ఇది నా ఒక్కరి వల్ల అయిన పని కాదు. సాయం చేసినవాళ్లందరికీ విడివిడిగా థ్యాంక్స్ చెప్పాను కానీ నాకు తృప్తి కలగలేదు. మీరు చేసింది నలుగురికీ తెలియాలి. ఇలాంటి జీవిని కొత్తగా తెచ్చుకున్నవాళ్లకు మీరు చెప్పిన మాటలు అందాలి కూడా. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి కృతజ్ఞతలు ఏళ్లుగా టరాంటులాలను పెంచుతున్న అక్కకు. పేరు రాయొద్దన్నారు కాబట్టి అక్క అనే రాస్తాను. మాది మెక్సికన్ రెడ్‌నీ, అంటే బ్రాకిపెల్మా హమోరీ. మెక్సికోలో పసిఫిక్ తీరం వైపు బొరియల్లో బతికే జాతి. అడవుల నుంచి విచ్చలవిడిగా పట్టుకెళ్లడం వల్ల ఈ బ్రాకిపెల్మా రకాలన్నింటినీ సైటీస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు. అందుకే అక్క అడిగిన మొదటి ప్రశ్న డబ్బా గురించి కాదు: "ఇది పెంపకంలో పుట్టిందేనా? కాగితాలు ఉన్నాయా?" అవి చూపించాకే మిగతా మాటలు. ఆ పట్టుదల నాకు ఎంతో నచ్చింది.

సాలీడుతో పాటు మాకు అందినది ఎత్తైన గాజు ట్యాంకు. అడుగున పలచగా గులకరాళ్లు, పైన ఇనుప జాలీ మూత, నీళ్ల గిన్నెలో స్పాంజి, కింద హీట్ మ్యాట్, అంటే కరెంటుతో వేడెక్కే పరుపు. అది చూడగానే అక్క మార్చమన్నారు. మార్చమని చెప్పి ఊరుకుంటే ఇంత పెద్ద పోస్ట్ రాసేదాన్ని కాదేమో. ఒక్కోటీ ఎందుకు పనికిరాదో ఓపికగా వివరించారు.

ఎత్తు గురించి చెప్పింది నేను ఎప్పటికీ మర్చిపోలేను. నేల మీద బతికే టరాంటులా గోడ ఎక్కగలదు కానీ పడితే తట్టుకోలేదు. దాని పొట్ట నీళ్లు నింపిన బుడగ లాంటిది, చిన్న ఎత్తు నుంచి పడినా పగిలిపోవచ్చు. అందుకని మట్టికీ మూతకూ మధ్య ఖాళీ దాని కాళ్ల చాపు (చాచిన కాళ్ల ఈ చివర నుంచి ఆ చివరకు కొలత) కంటే ఒకటిన్నర రెట్లు మించకూడదన్నారు. పొడవు మాత్రం ఆ చాపుకు మూడు నాలుగు రెట్లు ఉండాలి. మరీ విశాలమైతే పిల్లకు వేట దొరకడం కష్టం. ఇనుప జాలీలో కాలి చివరి గోళ్లు చిక్కుకుంటాయి, విడిపించుకోబోయి కాలు పోగొట్టుకున్నవి ఉన్నాయట. దాని బదులు గోడలకు ఎదురెదురుగా చిన్న చిన్న రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బా చూపించారు. గాలి ఆడాలి, కానీ రంధ్రం దాని తల భాగం కంటే చిన్నదిగా ఉండాలి.

హీట్ మ్యాట్ విషయంలో కారణం వింటే ఎవరైనా ఒప్పుకుంటారు. అడవిలో ఎండ వేడెక్కితే ఈ జీవి కిందికి తవ్వుకుని చల్లదనం వెతుక్కుంటుంది. మనం కింద నుంచి వేడి పెడితే అది తప్పించుకోవడానికి తవ్వినకొద్దీ ఇంకా వేడి తగులుతుంది. మనకు హాయిగా ఉండే గది వేడి, అంటే 21 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, దానికీ చాలు. దీపాలు అక్కర్లేదు.

మట్టి కోసం ఎరువు కలపని కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వాడాం. తడిపి, గట్టిగా పిండి, దాని కాళ్ల చాపు కంటే ఎక్కువ లోతున పరిచి అదిమాం. వదులుగా ఉంటే తవ్విన గుంత కూలిపోతుంది. దేవదారు రంపపు పొట్టు దగ్గరికి కూడా రానివ్వొద్దని అక్క గట్టిగా చెప్పారు, దాని నూనెలు సాలీళ్లకు పడవు. ఒక మూల మాత్రం కొంచెం చెమ్మగా ఉంచి మిగతాదంతా ఆరనిచ్చాం. పిల్లల ఒంట్లో నీరు తొందరగా తగ్గుతుంది కాబట్టి ఆ చెమ్మ మూల అవసరం. నీళ్ల గిన్నె లోతు లేనిది పెట్టాం. స్పాంజి తీసేశాం, దానిలో మురికి, సూక్ష్మజీవులు పెరగడం తప్ప ఉపయోగం లేదు.

మార్చే రోజు వచ్చి పక్కన కూర్చున్న స్నేహితుడికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది, ఆయన మాత్రం నిదానంగా పని మొదలుపెట్టారు. రెండు డబ్బాలనూ ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బులో, నేల మీదే పెట్టించారు, పరుగెత్తినా బయటికి పోకుండా. పారదర్శకమైన కప్పు దాని ముందు పెట్టి, మెత్తని కుంచెతో వెనక కాళ్లను కొంచెం తాకారు. అది తనంతట తానే కప్పులోకి నడిచింది. చేత్తో తాకనే లేదు. వెనక కాళ్లతో పొట్ట మీది నూగు రాలుస్తుంది కాబట్టి ముఖం దగ్గరికి పెట్టొద్దని, కళ్లలో పడితే ప్రమాదమని ఆయనే హెచ్చరించారు.

అసలు కష్టం తర్వాత మొదలైంది. కొత్త ఇంట్లో అది నేల మీద కాలు పెట్టనేలేదు. గోడ మీదే ఉండిపోయేది, కాళ్లు దగ్గరికి లాక్కుని. ఇచ్చిన పురుగును చూసి పక్కకు జరిగేది. ఆ వారాల్లో ఎప్పుడు ఫోటో పంపినా విసుక్కోకుండా జవాబిచ్చిన అక్క రుణం తీర్చుకోలేను. కొత్త మట్టి దాని కాళ్లకు అలవాటు కావాలని, పైపొర తడిగా ఉన్నా అలాగే గోడ పట్టుకుంటుందని చెప్పారు. పైమట్టి కాస్త ఆరగానే నిజంగానే కిందికి దిగింది. వారం దాకా తిండి పెట్టొద్దు, ఆ తర్వాత దాని పొట్ట కంటే చిన్న పురుగునే ఇవ్వు, 24 గంటల్లో తినకపోతే తీసెయ్యి అన్నారు. బతికున్న కీచురాయిని వదిలేస్తే కుబుసం విడిచే సమయంలో అదే సాలీడును కొరికేస్తుంది.

పొట్ట నల్లబడి, గుంత వాకిలి మట్టితో మూసుకుపోయినప్పుడు నేను ఫోన్ చేసిన వెటర్నరీ డాక్టర్ గారికి కూడా కృతజ్ఞతలు. ఆయన చెప్పిన తేడా ప్రతి పెంపకందారుకూ తెలియాలి. సాలీళ్లు కాళ్లు చాచేది ఒంట్లోని ద్రవాన్ని కాళ్లలోకి నెట్టి. నీరు తగ్గితే ఆ ఒత్తిడి పడిపోయి కాళ్లు ఒంటి కిందికి ముడుచుకుపోతాయి, అది ప్రమాదం, వెంటనే నీళ్లు అందాలి. వెల్లకిలా పడుకుంటే మాత్రం కుబుసం విడుస్తోందని అర్థం. అప్పుడు తాకకూడదు, తిప్పకూడదు, డబ్బా కదపకూడదు. మాది వెల్లకిలా కనిపించినప్పుడు ఈ మాటలే నన్ను ఆపాయి. కుబుసం విడిచాక కోరలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. అవి ఎర్రబడి, ఆపై నల్లబడేదాకా ఆగి అప్పుడే తిండి పెట్టాను. ఒక్క ఉదుటున పట్టుకుంది!

ఇంట్లోవాళ్లకు కూడా థ్యాంక్స్. దోమల స్ప్రే, పురుగుల మందు పూర్తిగా మానేశారు. డబ్బా ఉన్న అరను స్పీకర్ల నుంచి, దబదబా మూసే తలుపు నుంచి దూరంగా జరిపారు. ఒంటి నూగుతో చిన్న అదురును కూడా పట్టేసే జీవికి అది పెద్ద సాయం.

అక్కా, విడిచిన కుబుసాన్ని చిరగకుండా చిన్న డబ్బాలో దాచాను. పొట్ట భాగం లోపలివైపు చూస్తే ఆడదో మగదో తెలుస్తుందన్నారుగా, మీకు వీలైనప్పుడు తీసుకొస్తాను. ఆడదైతే ఇరవై ఏళ్లు దాటి బతుకుతుంది, తర్వాతి డబ్బా ఎంత పెద్దది కావాలో కూడా అప్పుడే మాట్లాడుకుందాం.