మళ్లీ కత్తి పట్టించిన మీ అందరికీ కృతజ్ఞతలు

నిన్న పొద్దున్నే నలభై మామిడికాయలు నా చేత్తో నేనే కొట్టాను. మధ్యలో మూడుసార్లు ఆగాను. ఇవాళ లేవగానే మోచెయ్యి నొక్కి చూసుకున్నాను, నొప్పి లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. చాలామందికి బాకీ ఉన్నాను.

మాది పచ్చళ్ల పని అని మీకు తెలుసు. పోయినేడు మే నెలలో ఆర్డర్లు ఎక్కువయ్యాయి. కాయలు కొట్టే మనిషి దొరకలేదు. పద్దెనిమిది రోజులు నేనే కొట్టాను. ఆవకాయకి టెంకతో సహా తెగాలి, కత్తి పిడి గట్టిగా పట్టాలి. సీజన్ అయిపోయేసరికి కుడి మోచేతికి బయటివైపు ఎముక దగ్గర సలుపు మొదలైంది. జూన్ నెలాఖరుకి గంజి వార్చలేకపోయాను. తడిబట్ట పిండలేను, తాళం తిప్పలేను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు.

నరం పట్టేసిందన్నారు కొందరు, పుత్తూరు కట్టు కట్టించమన్నారు ఇంకొందరు. జిల్లేడాకు కాపడం పెడితే ఆ పూటకి హాయిగా ఉండేది, అంతే. జులైలో ఒక క్లినిక్‌లో మోచేతికి స్టెరాయిడ్ సూది వేశారు. మూడు రోజుల్లో నొప్పి మాయమైంది! సంతోషంతో రుబ్బురోలు దగ్గరికి వెళ్లిపోయాను. సెప్టెంబరులో నొప్పి తిరగబెట్టింది, ముందుకంటే ఎక్కువగా. ఇంకో సూది వేస్తామన్నారు, తగ్గకపోతే ఆపరేషన్ అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ చెయ్యే కదా మా ఇంటికి అన్నం పెట్టేది.

మర్నాడు చెప్పాపెట్టకుండా వచ్చి నన్ను ఆటో ఎక్కించి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లింది మా పక్కింటి పిన్ని. పిన్నీ, ముందు నీకు దండం. ఆ రోజు నువ్వు పట్టుబట్టకపోతే నేను రెండో సూదికే వెళ్లేదాన్ని.

అక్కడి ఫిజియో మేడమ్ ముందు నా మెడ అటూ ఇటూ తిప్పించి చూశారు. మెడలో నరం నొక్కుకుపోయినా మోచెయ్యి లాగుతుందట. తర్వాత చెయ్యి బల్ల మీద చాపించి, నా మధ్యవేలిని పైకి లేపమని, తాను కిందకి నొక్కారు. ప్రాణం పోయినంత పని అయింది. "ఇది టెన్నిస్ ఎల్బో అమ్మా, టెన్నిస్ ఆడని వాళ్లకే ఎక్కువగా వస్తుంది" అన్నారు.

ఆవిడ చెప్పిన తీరు నేను ఎప్పటికీ మర్చిపోను. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు ఉంటుంది, దాన్నే టెండాన్ అంటారు, స్కూలు పుస్తకాల్లో స్నాయుబంధనం అని ఉండేది. కొబ్బరిపీచు తాడులాగా దానిలో పోగులన్నీ ఒక వరసలో ఉండాలి. ఒకే పని పదే పదే చేస్తే పోగులు చిక్కుపడి పలచబడతాయి. దానికి రక్తం తక్కువగా అందుతుంది కాబట్టి మానడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. పూర్తిగా పక్కన పెట్టేస్తే ఇంకా బలహీనపడుతుంది. కొలతగా బరువు మోయిస్తేనే కొత్త పోగులు ఆ లాగిన దిక్కుకి సర్దుకుంటాయి. నొప్పి ఉన్న చేత్తో బరువు ఎత్తడమేమిటని భయపడ్డాను. ఆవిడ విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి చెప్పారు.

మొదటి వారమంతా కదపకుండా పట్టుకోవడమే. ముంజేయి బల్ల మీద, మణికట్టు అంచు దాటి, అరచెయ్యి కిందకి. అర కిలో మెంతుల పొట్లం సంచిలో వేసి 45 సెకన్లు అలాగే ఉంచాలి, ఐదుసార్లు. తర్వాత అసలు వ్యాయామం: ఎడమచేత్తో సాయంపట్టి కుడి మణికట్టు పైకి లేపి, సాయం వదిలేసి, ఐదు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దించాలి. పదిహేనుసార్లు, మూడు విడతలు. తేలికైపోతే మెంతుల బదులు కిలో ఉప్పు పొట్లం. నొప్పి పదికి నాలుగు దాకా ఉండొచ్చు, కానీ మర్నాడు పొద్దుటికి పెరిగి ఉంటే బరువు తగ్గించాలి. బిందె, గిన్నె ఏది ఎత్తినా అరచెయ్యి పైకి ఉండాలి. పని చేసేటప్పుడు మోచేతికి రెండు వేళ్ల కింద పట్టీ.

రెండు వారాలు ఏ తేడా లేదు. ఏడ్చాను కూడా. మా కోడలు రోజూ పక్కన కూర్చుని అంకెలు లెక్కపెట్టింది, ఒక్కరోజు మాననివ్వలేదు. ఆరో వారంలో బట్ట పిండగలిగాను. పన్నెండో వారానికి గంజి వార్చాను. అమ్మాయ్, ఆ రోజు నువ్వు చప్పట్లు కొట్టడం నాకు ఇంకా కళ్లముందే ఉంది.

మా అబ్బాయి బీఫార్మసీ చదువుతున్నాడు. వాడు వెతికి చదివి వినిపించాడు. ఆస్ట్రేలియాలో 165 మందిని పరీక్షించి 2013లో ప్రచురించారట. స్టెరాయిడ్ సూది వేయించుకున్నవాళ్లకి మొదట బాగా తగ్గినా, ఏడాదిలోపు నూటికి 54 మందికి తిరగబెట్టింది. మందులేని ఉత్తి సూది వేయించుకున్నవాళ్లలో 12 మందికే. నాకు జరిగింది అదే! మన రక్తమే తీసి ప్లేట్‌లెట్లు వేరుచేసి మళ్లీ మోచేతిలోకి ఎక్కించే పద్ధతి గురించి కూడా మా బంధువు ఒకాయన చెప్పారు, దాని కోసం అప్పు చేద్దామనుకున్నాం. ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగారు వద్దన్నారు. పరిశోధనలన్నీ కలిపి చూసిన 2021 కోక్రేన్ సమీక్షలోనూ మోచేతి నొప్పికి దానివల్ల చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదట. ఆ అప్పు చేయనివ్వని డాక్టరుగారికి నమస్కారాలు.

మేడమ్ నా దగ్గర రూపాయి తీసుకోలేదు. బతిమాలితే అర కిలో మాగాయ తీసుకున్నారు. ఆవిడ దగ్గర రోజూ ఎంతమంది ఉంటారో నేను చూశాను. ఒక్కొక్కరి చెయ్యీ కాలూ అంత ఓపికగా పట్టుకుని చూస్తారు. మోచెయ్యి పట్టుకుని బాధపడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, సూదికో కత్తికో ముందు ఒక్కసారి ఫిజియో దగ్గరికి వెళ్లండి. మీది వేరే జబ్బు కావచ్చు, ఆ సంగతి కూడా వాళ్లే చెబుతారు.

ఇక, డబ్బు ముందే కట్టి, పోయినేడు మాగాయ అందకపోయినా వెనక్కి అడగని ఇరవై మూడు ఇళ్లవాళ్లకి: మీ జాడీలు విడిగా పెట్టాను. ఈసారి కొట్టడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నాం, నా వంతు రోజుకి నలభై కాయలే. ఆదివారం నుంచి మా అబ్బాయి తెచ్చి ఇస్తాడు.