గ్యాస్ హీటర్లతో ధాన్యం ఆరబెట్టే డ్రైయర్లు నడుపుతున్న మిల్లు సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మిల్లులకు కొత్త ధాన్యం వచ్చే కాలం కనుక ఈ విషయాలు రాస్తున్నాను.

డైరెక్ట్ ఫైర్డ్ హీటర్‌లో మంటకూ గాలికీ మధ్య అడ్డు ఉండదు. మండగా వెలువడిన వాయువులు వేడిగాలితో కలిసే వస్తాయి. అందుచేత చలి పేరుతో షెడ్డు తలుపులు మూసి నడపడం ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మంట పసుపుపచ్చగా సాగుతుంటే గాలి చాలడం లేదని గ్రహించి బర్నర్‌ను ఆపించండి.

మంట ఆరిన వెంటనే మళ్లీ వెలిగించవద్దు. ఎల్పీజీ గాలికన్నా బరువైనది కాబట్టి నేలబారుగా పాకి గుంటల్లో నిలుస్తుంది, గాలిలో సుమారు 2 శాతం చేరినా నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఫ్యాన్ తిప్పి, లోపలి గాలి కనీసం నాలుగుసార్లు పూర్తిగా మారాకే ఇగ్నిషన్ ఇవ్వాలి. హీటర్ పదేపదే ట్రిప్ అవుతోందని ఫ్లేమ్ సెన్సార్‌ను (మంట ఉందో లేదో కనిపెట్టే పరికరం) వైరుతో దాటవేసే మెకానిక్కులు ఉన్నారు. వారిని మిల్లులోకి రానివ్వకపోవడమే మేలని నా అభిప్రాయం. చాలాసార్లు సెన్సార్ మీది మసి తుడిస్తే సరిపోతుంది.

ఊక దుమ్మును బర్నర్ దరిదాపుల్లో పేరుకోనివ్వకండి. గొట్టాల అతుకులను సబ్బునీటితోనే పరీక్షించండి, అగ్గిపుల్లతో కాదు. హీటర్ ఆపేటప్పుడు ముందు గ్యాస్ కట్టేసి, మంట మండే చాంబర్ చల్లబడేదాకా ఫ్యాన్ నడవనివ్వాలి. రాత్రి షిఫ్టువారిలో ఒడియా మాత్రమే చదివేవారు ఎక్కువ కనుక ఈ క్రమాన్ని రెండు భాషల్లోనూ రాయించి వాల్వు పక్కనే పెట్టించగలరు.