ఊళ్లు తిరిగే సైన్స్ ఎగ్జిబిషన్లు ఒంగోలుకూ రావాలి

సంపాదకుడు గారికి,

ఒంగోలులో ఒక మంచి హాలు చూసి, ఊళ్లు తిరిగే సైన్స్ ఎగ్జిబిషన్లను అక్కడికి రప్పించాలని, అందుకు మన క్వారీల మీద వచ్చే డీఎంఎఫ్ (జిల్లా ఖనిజ నిధి) డబ్బు వాడాలని అడగడానికే ఈ ఉత్తరం. నేను చీమకుర్తి దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని.

మొన్న సెలవుల్లో పిల్లల్ని ఒక ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లాను. జెయింట్ వీలూ అప్పడాలూ అన్నీ బాగానే ఉన్నాయి, డైనోసార్ల టెంటు దగ్గరే నాకు ఒళ్లు మండింది. దానికి వేరే టికెట్టు. లోపల రబ్బరు బొమ్మలు తలలూపుతూ అరుస్తుంటే వాటి పక్కనే ఈటె పట్టుకున్న ఆదిమానవుడు నిలబడి ఉన్నాడు, ఒక్క బోర్డు లేదు, చెప్పే మనిషి లేడు. ఆరో తరగతి చదివే మా పాప బయటికొచ్చి "నాన్నా, వీటిని మనుషులే చంపేశారా?" అంది. డైనోసార్లు పోయి 6 కోట్ల 60 లక్షల ఏళ్లు, మనిషి పుట్టింది నిన్నగాక మొన్న. డబ్బులిచ్చి మరీ పిల్లలకు తప్పు నేర్పించుకొచ్చాం అన్నమాట.

మంచి ఎగ్జిబిషన్ ఎలా ఉంటుందో చెప్తాను. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 1905లో డిప్లొడోకస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఒకటి పెట్టారు, అక్కడివాళ్లు దాన్ని డిప్పీ అని పిలుచుకుంటారు. అవి అసలు ఎముకలు కావు, వాటికి అచ్చు తీసి పోసిన ప్లాస్టర్ ముక్కలు, మొత్తం 292, నిలబెడితే ఇరవై మీటర్ల పైనే పొడవు. 2018 నుంచి 2021 దాకా దాన్ని విప్పి, పెట్టెల్లో సర్ది, బ్రిటన్‌లో ఎనిమిది చోట్ల మళ్లీ బిగించారు, ఒకచోట అయితే ఏకంగా చర్చిలోనే. దాదాపు ఇరవై లక్షల మంది చూశారు. అంటే దీనికి రాజభవనం లాంటి మ్యూజియమేమీ అక్కర్లేదు, ఎత్తుగా ఉండి వాన కురవని హాలు, రాత్రికి తాళం, నమ్మకమైన కరెంటు, పిల్లలు అడిగితే ఓపిగ్గా చెప్పే నలుగురు మనుషులు ఉంటే చాలు.

మన దేశంలో ఇది కొత్తా కాదు. కలకత్తా బిర్లా మ్యూజియం వాళ్లు 1965లోనే బస్సులో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టి బడులకు పంపారు. 2007 నుంచి 2017 దాకా సైన్స్ ఎక్స్‌ప్రెస్ రైలు తిరిగింది. ఆ తర్వాత 2019లో విజ్ఞాన్ సమాగమ్ అని పెద్ద ఎగ్జిబిషన్ బయల్దేరితే ముంబై, బెంగళూరు, కోల్‌కతా, ఢిల్లీ చూసి ఆగిపోయింది. పెద్దవన్నీ పెద్ద ఊళ్లకే. మనకు దగ్గర్లో తిరుపతి సైన్స్ సెంటర్ ఉంది, బాగుంటుంది, కానీ ఒంగోలు నుంచి అది రెండొందల కిలోమీటర్ల పైమాటే, కూలి పనికి పోయేవాళ్లు పిల్లల్ని అంత దూరం ఎక్కడ తీసుకెళ్తారు? మన తెలుగు నేల మీదే, తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్నాయి. దాని అచ్చు ఒకటి తీయించి జిల్లాలు తిప్పితే ఆ రబ్బరు బొమ్మల మొహం ఎవరు చూస్తారు?

ఇంకో మాట. వచ్చే ఎగ్జిబిషన్ ఏదైనా సరే, దాని పక్కన మన ప్రాంతానికి కొంత చోటివ్వాలి. మా చీమకుర్తి క్వారీల్లో దొరికే గెలాక్సీ గ్రానైట్ రాయినే తీసుకోండి. కోసి, పాలిష్ పట్టి, నీళ్లు కొట్టి తుడిస్తే నల్లటి రాయి మీద బంగారు చుక్కలు తేలతాయి, పలకను కాస్త వంచితే కొన్ని ఆరిపోయి వేరేవి వెలుగుతాయి. ఆ చుక్క బ్రాంజైట్ అనే ఖనిజం. లోపల సన్నటి పొరలు ఉండబట్టి ఒక్కో వాలులోనే మెరుస్తుంది. భూమి లోపల కరిగిన రాయి ఎంతో నిదానంగా చల్లారబట్టి పలుకులు అంత పెద్దగా కట్టాయి. ఈ రాయి ఓడలెక్కి ఏ దేశంలోనో వంటింటి గట్టు అవుతోంది, క్వారీ పక్క బడిలో చదివే పిల్లాడికి మాత్రం అదెలా పుట్టిందో చెప్పినవాళ్లు లేరు. అలాగే సైదాపురం అభ్రకం, గోరుతో గీకితే పొర మీద పొర లేచి వస్తుంది, దాన్ని పిల్లల చేతికిచ్చి చూడండి. ఇక కలివికోడి. 1840ల్లో నెల్లూరులో డాక్టరుగా చేసిన జెర్డాన్ దొర పేరు ఇంగ్లీషులో ఆ పిట్టకు ఉంది, ఇక లేదనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడింది. ఈ కథ నెల్లూరు పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

డబ్బు సంగతి. 2015లో గనుల చట్టం మార్చినప్పుడు గనులున్న జిల్లాల్లో డీఎంఎఫ్ పెట్టమన్నారు. లీజుదారులు రాయల్టీతో పాటు కట్టే ఆ సొమ్ము గనుల వల్ల ఇబ్బందిపడే ఊళ్లకు ఖర్చు కావాలి, చదువు అందులో ముఖ్యమైన పద్దు. దుమ్ము పీల్చేది మా పిల్లలే కదా, అందులోంచి ఒక హాలు అడగడం తప్పు కాదనుకుంటాను. కలెక్టరు గారు తిరుపతి, హైదరాబాద్ మ్యూజియం వాళ్లతో మాట్లాడి ముందు ఒక్క ఎగ్జిబిషన్ రప్పించాలి. రెండు మూడు నెలలైనా ఉంచాలి, అదీ ఎండాకాలం సెలవుల్లో కాకుండా బడులు నడిచే రోజుల్లో. కొండపి, మర్రిపూడి, కొత్తపట్నం సర్కారు బడుల పిల్లలకు బస్సు ఖర్చు కూడా ఆ పద్దులోనే వేయాలి, లేకపోతే ఒంగోలు కాన్వెంటు పిల్లలు మాత్రమే చూసి వెళ్తారు.

ఇట్లు,
ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఉద్యోగి,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా