పసరు ఎర్రగా వెలగడం రామన్ ఎఫెక్ట్ కాదు

సంపాదకులకు,

సి.వి.రామన్ 1928లో రామన్ ఎఫెక్ట్‌ను కనుగొన్న ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. వరంగల్, హనుమకొండ బడుల్లో పెట్టే సైన్స్ ప్రదర్శనల్లో పాలకూర పసరు మీద ఊదా టార్చి వేసి, అది ఎర్రగా వెలగడం చూపిస్తుంటారు. ప్రయోగం ఎంతో మంచిది. పక్కన అట్ట మీద 'రామన్ ఎఫెక్ట్' అని రాయడమే తప్పు. అది ఫ్లోరోసెన్స్, తెలుగులో ప్రతిదీప్తి.

రామన్ ఎఫెక్ట్‌లో, అంటే రామన్ పరిక్షేపణంలో, అణువు కాంతిని మింగదు. తగిలిన కాంతి అక్కడికక్కడే చెదురుతుంది, అందులో కోటికి ఒక్క ఫోటాన్ (కాంతి కణం) మాత్రం కాస్త శక్తి మార్చుకుని పోతుంది. బడి గదిలో టార్చి వేస్తే కంటికి ఆనే వెలుగు కాదది. పసరులోని పత్రహరితం అణువైతే ఊదా ఫోటాన్‌ను పూర్తిగా మింగి పై శక్తి మెట్టుకు ఎక్కుతుంది. అక్కడ నిలవలేదు. సెకనులో లక్ష కోట్లవ వంతు అటూ ఇటుగా, కొంత శక్తిని వేడిగా వదిలి కింది ఉత్తేజిత మెట్టుకు జారుతుంది. ఆ మెట్టు మీద ఐదారు నానోసెకన్లు (సెకనులో వంద కోట్లవ వంతులు) ఆగుతుంది. అణువుల లెక్కలో అది చాలాసేపే. మిగిలిన శక్తిలో కొంత ఎర్ర కాంతిగా బయటికొస్తుంది.

1923లో రామన్ శిష్యుడు కె.ఆర్.రామనాథన్ నీళ్లలో ఒక మసక వెలుగు చూసినప్పుడు, మలినాల వల్ల వచ్చే ఫ్లోరోసెన్సే అనుకున్నారు. ఎంత శుద్ధి చేసినా ఆ వెలుగు పోలేదు. అది ఫ్లోరోసెన్స్ కాదని తేలడమే 1928 నాటి ఆవిష్కరణ. ఆ రోజును జరుపుకుంటూ పిల్లలతో ఈ రెంటినీ ఒకటిగా రాయించడం మాకు బాధగా ఉంది.

ప్రయోగం కుదరాలంటే పది పాలకూర ఆకులు తడి లేకుండా తుడిచి రోట్లో నూరాలి. 50 మి.లీ. సర్జికల్ స్పిరిట్ పోసి పది నిమిషాలు ఉంచి, దూదితో వడకట్టాలి. స్పిరిట్ భగ్గున అంటుకుంటుంది, దగ్గర్లో దీపం, పొయ్యి ఉండకూడదు. నీళ్లతో నూరితే పత్రహరితం కరగదు, పచ్చటి బురదనీళ్లే మిగులుతాయి. ఎక్కువమంది దగ్గర ప్రయోగం చెడేది పసరు మరీ చిక్కగా ఉండటం వల్ల. టార్చి కాంతి మొదటి పొరలోనే ఇంకిపోతుంది, వచ్చిన ఎరుపును కూడా పసరే మళ్లీ పీల్చుకుంటుంది. గ్లాసు వెనక పెట్టిన పత్రికలో అక్షరాలు చదవగలిగేంత పలుచన చేయండి. గది చీకటి చేసి, టార్చికి ఎదురుగా కాకుండా పక్క నుంచి చూడండి. కింద తెల్ల కాగితం వద్దు, అందులోని తెల్లదనపు రసాయనం నీలంగా వెలిగి ఎరుపును కనబడనీయదు. నల్ల చార్టు వేయండి. ఊదా టార్చిని ఎవరి కళ్లలోకీ వేయకూడదు.

'మరి చెట్టు మీది ఆకు ఎందుకు వెలగదు?' అని పిల్లలు తప్పక అడుగుతారు. ఆకులో ఆ శక్తిని ఆహారం తయారీకి అందుకునే ఏర్పాటు ఉంది, కొంత వేడిగా పోతుంది, వెలుగుగా వచ్చేది నూటికి ఒకటి రెండు వంతులే. స్పిరిట్‌లో ఆ ఏర్పాటు చెదిరిపోయి, పట్టుకునేవారు లేక శక్తి వెలుగై బయటపడుతుంది. ఇంకో దారీ ఉంది. కొన్ని అణువులు ఆ శక్తిని గాలిలోని ఆక్సిజన్‌కు అందిస్తాయి, రెచ్చిన ఆక్సిజన్ ఆ రంగునే తినేస్తుంది. అందుకే ఎండలో పెట్టిన పసరు సాయంత్రానికి వెలిసిపోతుంది. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా రంగు ఎండకు వెలవడంలోనూ ఈ దారికి కొంత పాత్ర ఉంటుంది. ప్రదర్శన రోజు పొద్దున్నే పసరు తీసి, సీసాకు నల్ల కాగితం చుట్టి తీసుకెళ్లాలి.

బహుమతులు నిర్ణయించే ఉపాధ్యాయులకు ఒక మనవి. విద్యార్థితో ఊదా టార్చి, తర్వాత నీలి ఎల్ఈడీ వేయించండి. రెండింటికీ అదే ఎరుపు వస్తుంది, ఎందుకంటే దేన్ని మింగినా అణువు దిగేది ఒకే మెట్టు నుంచి. రామన్ కాంతి అయితే వేసిన రంగు మారితే దాని రంగూ మారేది. ఇది ఎందుకో పిల్లల చేతే చెప్పించి, ఆ తర్వాత అట్ట మీద పేరు దిద్దించండి.

– రసాయనశాస్త్ర అధ్యాపకులు, హనుమకొండ